ఏడు లెన్సులతో ఉదయగిరి దాకా

నాకున్న కెమెరా ఒక్కటే, అదీ ఫిల్ము కెమెరా. దానికి లెన్సులు మాత్రం ఏడు.

ఇన్ని కొనాలని ఎప్పుడూ అనుకోలేదు. కెమెరాతో పాటు 50 ఒకటి వచ్చింది. ముఖాలు అందంగా రావాలంటే 85 ఉండాలని ఎవరో అన్నారు, నాలుగేళ్ళు వెతికి వెతికి దాన్ని సంపాదించాను. తర్వాత 28, 35, 135 వచ్చాయి. వెలుతురు తక్కువున్నా పనిచేస్తుందని ఇంకో 50 కొన్నాను. చివరికి నీళ్ళ సీసా అంత పొడుగూ బరువూ ఉన్న జూమ్ లెన్సు కూడా వచ్చి చేరింది. ఈ అంకెల సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట. అంకె చిన్నదైతే లెన్సు ఎక్కువ మేర చూపిస్తుంది, పెద్దదైతే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాక్కొస్తుంది. ఈ కథకు ఇంతకు మించి తెలియనక్కర్లేదు.

భుజం నొప్పని డాక్టరు దగ్గరికి వెళితే ఆయన నా సంచి ఒకసారి ఎత్తి చూసి, మందులు రాయడం ఆపేసి, "టీచర్ గారూ, ఇందులో సగం తీసెయ్యండి" అన్నారు. ఏ సగమో ఆయన చెప్పలేదు. నాకూ తేలలేదు.

బి.ఇడి. చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలోనే ఉన్న షంషాద్ ఇప్పుడు నెల్లూరు జిల్లా ఆత్మకూరులో టీచరు. ఫోన్లో నా గోడు విని, "అన్నీ సంచీలో ఏసుకోని రా. ఉదయగిరిలో మా చాచాకు ముప్పై ఏండ్లు స్టూడియో ఉండింది. ఏది ఉంచాల్నో ఏది పారెయ్యాల్నో ఆయన చెబుతాడు" అంది. చాచా అంటే వాళ్ళ నాన్నగారి తమ్ముడు. దసరా సెలవుల్లో ఏడు లెన్సులు, నాలుగు నలుపు తెలుపు ఫిల్ములు సర్దుకుని కాకినాడలో రైలెక్కాను. వెళ్ళిన చోటల్లా లెన్సులు మార్చి మార్చి వాడాలి, ఇంటికి మాత్రం మూడే తెచ్చుకోవాలి. ఇదే నేను పెట్టుకున్న నియమం.

ఆత్మకూరు

బస్సు దిగేసరికి షంషాద్ స్కూటరు మీద సిద్ధంగా ఉంది. ఇంటికి తీసుకెళ్ళకుండా తిన్నగా ఒక చిన్న హోటలు ముందు ఆపింది. దోశ మీద ఎర్రకారం పూసి, మడత పెట్టి తెచ్చారు. మా వైపు పొద్దున్నే పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి తిని పెరిగిన నాలుక నాది. రెండో ముక్కకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కొంచెం కారం తగ్గించి ఇంకొకటి వెయ్యగలరాండీ?" అని అడిగాను.

హోటలాయన నవ్వాడు. "మీది కాకినాడ ఆ పక్కన గదా? ఆ 'అండీ'తోనే తెలిసిపోయినాది. కారం తగ్గిస్తే అది ఎర్రకారం దోశ కాదమ్మా, ఉత్త దోశ. అది కావాలంటే ఏస్తాను."

పట్టుదలకు పోయి కారం దోశే ఇంకొకటి తిన్నాను. ఒక్కోటి నలభై రూపాయలు. తర్వాత తాగిన నీళ్ళకు లెక్క లేదు.

ఇంటికి వెళ్ళాక మంచం మీద దుప్పటి పరిచి ఏడు లెన్సులూ వరసగా పెట్టాను. షంషాద్ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నా వంటింట్లో గరిటెలు కూడా ఇన్ని లేవు గదే. ఈ రెండూ ఒకటే మాదిరి ఉండాయే?"

"రెండూ యాభైలే. రెండోది తక్కువ వెలుతుర్లో ఇంకాస్త బాగా పనిచేస్తుంది."

"ఇంకాస్తంటే ఎంత?"

"కాస్తే."

"అయితే ఒకటి తీసెయ్."

"ఏది?"

"అది నన్నడుగుతావేంది? తీసేది నువ్వు గదా!"

రెండింటినీ చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి రెండూ మళ్ళీ సంచిలోకే వెళ్ళాయి. ఆ సాయంత్రం రెండింటితోనూ ఊరు తిరిగాను. కుట్టు మిషన్ మీద వంగిన దర్జీని ఒకదానితో, టీ పైకెత్తి పోస్తున్న మనిషిని రెండోదానితో తీశాను. కళ్ళజోడు సవరించుకుని ఎంత చూసినా నాకు తేడా కనిపించలేదు.

మర్రిపాడు దారి

మర్నాడు స్కూటరు మీద బద్వేలు రోడ్డు పట్టాం. మా వైపు రోడ్డుకు రెండు పక్కలా కాలవలో నీళ్ళో, కొబ్బరి చెట్లో, ఏదో ఒకటి చూపుకు అడ్డొస్తుంది. ఇక్కడ ఎర్రనేల, ముళ్ళచెట్లు, దూరంగా కొండలు, లారీలు. చూపు ఆగేచోటే లేదు. ఇలాంటి చోటుకు జూమే సరైనదని దాన్ని బిగించాను. రోడ్డుకు చాలా దూరంలో ఒక పెద్దాయన మేకల్ని తోలుకుపోతున్నాడు. ఒక మైలురాయి మీద మోచెయ్యి ఆనించి ఆయన్ని దగ్గరికి లాగుతున్నాను. అంత బరువుకు చెయ్యి వణికి, మేకలన్నీ అద్దంలో గంతులేస్తున్నాయి.

ఆయన కేకేశాడు. "ఏందమ్మా, అంత దూరాన్నించి ఏం తీస్తావు? మేకలేమన్నా కరుస్తాయా? దగ్గరికి రా!"

షంషాద్ పడీ పడీ నవ్వింది. సిగ్గుపడుతూ చేలో దిగి నడిచాను. ఆయన పేరు వెంకటేశులు. ముందు నడిచే పెద్ద మేకపోతును పేరు పెట్టి పిలిచి, దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు. "దీన్ని తియ్యి. నన్ను తియ్యకపోయినా ఏం కాదు." జూమ్ విప్పి పాత 50 పెట్టి ఇద్దర్నీ తీశాను. ఫొటో దిగుతున్నంతసేపూ ఆయన కదల్లేదు, మేకపోతూ కదల్లేదు. ఆయన సత్తుక్యాను లోంచి మజ్జిగ పోసి ఇచ్చాడు. పచ్చిమిరపకాయ నలిపి వేసిన మజ్జిగ. మా ఊళ్ళో నిమ్మాకు వేస్తారని చెబితే, "ఆకేమి, తిన్నా తినకపోయినా ఒకటే" అని తీసిపారేశాడు.

వెనక్కి తిరిగేసరికి కింద పెట్టిన జూమ్ లెన్సు తోలు తొడుగును ఒక చిన్న మేక సగం నమిలేసింది. లాక్కుంటే పట్టీ దాని నోట్లోనే ఉండిపోయింది. వెంకటేశులు కంగారుపడ్డాడు గాని నాకు కోపం రాలేదు. జూమ్ ఇంటికి తీసుకెళ్ళనని అప్పుడే నిశ్చయించుకున్నాను. మొదటి నిర్ణయం మేక సాయంతో జరిగింది.

అనుమసముద్రంపేట

మూడో రోజు పొద్దున్నే ఉదయగిరి వెళ్ళే ముందు ఎ.ఎస్. పేట దర్గాకు వెళ్ళాం. షంషాద్ తల మీద కొంగు సర్దుకుని, నాకూ సర్దింది. లోపల కెమెరా తియ్యలేదు. మొక్కుకునే మనుషుల మధ్య మోకాలి మీద కూర్చుని కొలతలు చూసుకోవడం నాకు నచ్చదు. బయట దుకాణాల సందులోనే నా పని జరిగింది.

ఆ సందులో నడవడానికే చోటు లేదు. గులాబీ రేకుల బుట్టలు, అగరుబత్తి కట్టలు, సమాధి మీద కప్పే జరీ చాదర్లు, మిఠాయిల గుట్టలు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, టోపీ పెట్టుకున్నవాళ్ళు ఒకే దుకాణం ముందు ఒకే పూలు బేరమాడుతున్నారు. 85 పెడితే మనిషి ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. 35 పెడితే పూలమ్మి కనబడింది, ఆమె పూలు కనబడలేదు. 28 పెట్టాక ఆమె, ఆమె ఒళ్ళో పూలు, ఆమె మీంచి వంగి డబ్బులిస్తున్న ముసలాయన, పైన వేలాడే చాదర్లు, అన్నీ ఒకేసారి వచ్చేశాయి. సంతోషం పట్టలేక వరసగా పది తీసేశాను. పదకొండోది తీస్తుంటే ఆమె నాకేసి గుప్పెడు రేకులు విసిరి, "ఇంక చాల్లే, గిరాకీ పోతాండాది" అంది.

28 ఉంటుంది. 50 ఒకటి ఉంటుంది. 85 ఎలాగూ ఉంటుంది. దారి పొడుగునా స్కూటరు వెనక కూర్చుని ఈ మూడు అంకెలూ పాటలా అనుకుంటూ వెళ్ళాను.

ఉదయగిరి

చాచా పేరు మస్తాన్. డెబ్బై దాటాయి. కాలరు వరకు బొత్తాలు పెట్టుకుని, మేమొస్తున్నామని షేవింగు చేసుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో రెండు తరాల పెళ్ళిళ్ళు తీసిన మనిషి. ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేశాడు. ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరు మంచం కింద దుప్పట్లో చుట్టి ఉంది. కెమెరా బీరువాలో ఉంది. దాని లెన్సుకు ఎప్పుడో బూజు పట్టి అద్దం తెల్లబడిపోయింది. లెన్సు బిగించే చోటు చూసి నేను ఎగిరి గంతేశాను. అది అచ్చం నా కెమెరాలాంటిదే. నా లెన్సులన్నీ దానికి పడతాయి.

ఆయన భార్య ఖాసింబీ చాచీ వసారాలో కూర్చుని చెక్క ఫోర్కు చెక్కుతోంది. ఉదయగిరిలో చాలా ఇళ్ళలో ఇదే పని. అడివి నుంచి తెచ్చిన కొయ్యను నున్నగా తీసి స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. చాచీ చేతిలోని ఫోర్కు ముళ్ళు అగ్గిపుల్ల కంటే సన్నం. పిడి చివర చేప బొమ్మ, ఆ చేపకు పొలుసులు కూడా ఉన్నాయి. అరవై రూపాయలంట. నాలుగు కొన్నాను.

భోజనానికి రాగిసంగటి, నాటుకోడి పులుసు, శెనక్కాయల పచ్చడి పెట్టారు. సంగటి నాకు కొత్త. అన్నంలా కలపబోతే చాచీ నా చెయ్యి పట్టుకుని, ముద్ద చేసి పులుసులో ముంచి మింగడం నేర్పింది. స్పూన్లకు పేరుపడ్డ ఊళ్ళో, స్పూన్లు చేసే ఇంట్లో, అందరం చేత్తోనే తిన్నాం.

తర్వాత చాప మీద నా లెన్సులు పరిచాను. చాచా ఒక్కొక్కటీ తీసి ముద్దు చేశాడు. "అబ్బ, ఇది చూడు! ఇది మద్రాసులో ఒకాయన దగ్గర చూసినా, మళ్ళా కనపళ్ళా. ఇది కూడా మంచిదేనమ్మా. ఇదీ ఉంచుకో." ఏడింటికి ఏడూ ఉంచుకోమన్నాడు. నేను ఆశించిన సలహా ఇది కాదు.

చాచీ ఫోర్కు పక్కన పెట్టి, ఒడి దులుపుకుని వచ్చి కూర్చుంది. 35 తీసుకుని, షంషాద్ ఫోన్లో టార్చి వెలిగించి, వెనక నుంచి వెలుతురు పట్టి చూసింది. "ఇదో బిడ్డా, సాలెపురుగు గూడు మాదిరి. బూజు పట్టినాది." చూశాను. నిజమే. రెండేళ్ళుగా నా చేతిలో ఉన్నా నాకు తెలియలేదు. 135 తీసింది. "రెండద్దాలు అతికించిన కాడ ఊడిపోతాండాది." ఖరీదైన రెండో 50 తీసింది. "లోపల రేకులకు నూనె కారినాది. ఇది బిగుసుకపోతాది." పది నిమిషాల్లో మూడు పక్కకు వెళ్ళిపోయాయి. ఆత్మకూరులో నేను గంటసేపు తేల్చుకోలేనిది కూడా తేలిపోయింది.

నా ముఖం చూసి చాచా గర్వంగా చెప్పాడు. "నా నెగెటివులన్నీ దిద్దింది ఆమేనమ్మా. పెండ్లికూతురి మొటిమలు, మచ్చలు సన్న పెన్సిలుతో మాయం చేసేది. రంగు ఫిల్ము రాకముందు నలుపు తెలుపు ఫొటోలకు పుల్లకు దూది చుట్టి రంగులు అద్దేది. ఈ ఊళ్ళో ఏ ఇంటికి పో, గోడ మీద ఆమె అద్దిన ఎరుపే ఉండాది."

"మరి మీరెప్పుడైనా ఫొటో తీశారా చాచీ?"

చాచా ఒక లెన్సు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "అప్పట్లో ఫిల్ము దండగని..."

చాచీ ఫోర్కు మళ్ళీ చేతిలోకి తీసుకుని, దాని మీది పొట్టు ఉఫ్ మని ఊదింది. "నేను అడగలా. ఆయన ఇయ్యలా" అంది. కోపంగా అనలేదు. ఎండ కాస్తోంది అన్నట్టు అంది.

కొండ దారిలో

ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే నలుగురం కొండ వైపు నడిచాం. పైదాకా వెళ్ళడానికి చాచా మోకాళ్ళు ఒప్పుకోవు. కూలిన కోట గోడ ఒకటి దారిలోనే ఉంది, అక్కడ ఆగాం. కింద ఊరంతా మంచులో ఉంది. రాళ్ళ మీద ఎండ అప్పుడే పడుతోంది.

కెమెరాకు 85 బిగించి చాచీ మెడలో వేశాను. ఆమె రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. "వద్దు బిడ్డా, పాడవతాది."

"పాడవదు. ఈ ఉంగరం తిప్పుతూ ఉండండి. మనిషి స్పష్టంగా కనబడగానే ఇక్కడ నొక్కండి."

ఆమె కన్ను ఆనించి చాచా వైపు తిరిగింది. మెల్లగా ఉంగరం తిప్పింది. "ఆ... వచ్చినాడు. పోయినాడు. ఆగు, మళ్ళా వచ్చినాడు."

"ఎండకు ఎదురుగా తియ్యకూడదు. కొంచెం ఎడమపక్కకు రా. చెయ్యి వణికిస్తాండావు..." చాచా మొదలుపెట్టాడు.

చాచీ కెమెరా దించలేదు. "ముప్పై ఏండ్లు నువ్వు చెప్పినావు, ఊరంతా నిలబడినారు. ఇప్పుడు నేను చెబుతాండా. గమ్మున నిలబడు."

షంషాద్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాచా నిలబడ్డాడు. ఇంతమందిని ఇన్నేళ్ళు నిలబెట్టిన మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, కట్టుకున్నాడు. చివరికి వాటి సంగతి మరిచిపోయి భార్య వైపు చూసి నవ్వాడు. అప్పుడు నొక్కింది.

టప్ మన్న ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి, వెంటనే నా వైపు తిరిగి, "ఇంకోటి తియ్యొచ్చునా?" అంది.

ఆ ఫిల్ములో ఇంకా ఇరవై రెండు మిగిలి ఉన్నాయి. ఇరవై రెండూ ఆమే తీసింది. కాకినాడ నుంచి అంత దూరం వెళ్ళి ఆ కొండ మీద ఒక్క ఫొటో కూడా తియ్యకుండా దిగినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. అంత హాయిగా ఎప్పుడూ ఏ కొండా దిగలేదు.

మధ్యాహ్నం బయలుదేరే ముందు, పాడైన మూడూ విప్పి చూసుకుంటానంటే చాచాకు ఇచ్చేశాను. మిగిలిన నాలుగూ చాచీ ముందు పెట్టి, "మీ కెమెరాకు ఒకటి తీసుకోండి" అన్నాను. ఒక నిజం చెప్పాలి. ఆమె జూమ్ తీసుకుంటుందని నా ఆశ. పెద్దది, చూడ్డానికి ఘనంగా ఉంటుంది, మేక నమిలింది తొడుగునే గదా.

ఆమె తిన్నగా 85 తీసుకుంది.

"ఇది. దీంట్లో చూస్తే మనిషి ఒక్కడే ఉంటాడు. మిగతాదంతా ఎనక్కి పోతాది."

నా గుండె గుభేలుమంది. నాలుగేళ్ళు వెతికిన లెన్సు. చెన్నైలో ఒకాయన ఎంతైనా ఇస్తాను అమ్మమని ఇప్పటికీ మెసేజులు పెడుతుంటాడు. చాచాకు దాని విలువ తెలుసు. "అది వద్దు. అది మేడం ఉంచుకోవాల్సింది" అని అడ్డం వచ్చాడు. చాచీ వెంటనే కింద పెట్టబోయింది. ఆ పెట్టబోవడం నేను చూడలేకపోయాను. కెమెరా తెప్పించి నా చేత్తోనే బిగించి ఇచ్చాను. జూమ్ మొహమాటపడుతూ షంషాద్‌కు ఇవ్వబోతే, "నాకెందుకే, మేకకు ఇచ్చిరా" అంది. చివరికి దాన్ని కూడా చాచా పుచ్చుకున్నాడు.

తిరుగు బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల 28, 50. మూడు తెచ్చుకోవాల్సినదాన్ని రెండే తెచ్చుకుంటున్నాను. భుజం తేలిగ్గా ఉంది. మనసు మాత్రం నెల్లూరు దాకా 85ని తలుచుకుని కాస్త గునిసింది. దాచిపెట్టను.

ఇంటికొచ్చాక

నాలుగు ఫిల్ములూ కడిగించాను. వెంకటేశులుకు మేకపోతు ఫొటో మర్రిపాడుకు పోస్టు చేశాను. మొత్తం నూట నలభై నాలుగింటిలో అందరూ ఆగి చూసేది ఒక్కటే. కూలిన గోడ ముందు, చేతులు ఎలా పడితే అలా వేలాడేసుకుని నవ్వుతున్న మస్తాన్ చాచా. అది నేను తియ్యలేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా చాచీ ఫోన్ చేసింది. వెనకాల ఆడవాళ్ళ పాటలు, నవ్వులు.

"బిడ్డా, పక్కింటి పిల్లకు వచ్చే శుక్రవారం, జుమ్మా నాడు నిఖా. వాళ్ళ నాయనమ్మ పెండ్లి ఫొటోకు నేను రంగులద్దినా గదా, అట్టాంటిదే తనకూ కావాలంట. ఆడవాళ్ళ గదిలోకి మొగోళ్ళు పోరు, నేను పోతాను. చాచా మంచం కింద మిషన్ తీసినాడు, ప్రింట్లు ఆయనే వేస్తాడు. అంతా బాగుండాది గానీ..."

"గానీ?"

"ఈరోజు పసుపుకు పోయినా. ఎనక్కి, ఎనక్కి పోయినా. వీపుకు గోడ తగిలినాది. ఇంకా ఎనిమిదిమంది ఫొటోకు బయటే ఉండారు. దీంట్లో ఒక్కరే పడతారు. అందర్నీ పట్టేది ఏదన్నా ఉండాదా?"

నా సంచి పక్క కుర్చీలోనే ఉంది. మూత తీసి 28 వైపు చూశాను. పూలమ్మి, ఒళ్ళో పూలు, పైన చాదర్లు. ఈసారి గుండె గుభేలుమనలేదు. "ఉంది చాచీ, రేపే పంపిస్తాను" అన్నాను.

దూదిలో చుట్టి, రెండు డబ్బాల్లో పెట్టి కొరియర్ చేశాను. ఇప్పుడు కెమెరా, దానితో వచ్చిన 50, అంతే. ఎక్కడికి వెళ్ళినా ఏ లెన్సు పెట్టాలన్న ఆలోచనే లేదు. దగ్గరికి కావాలంటే నడుస్తున్నాను, దూరం కావాలంటే వెనక్కి జరుగుతున్నాను.

నెల తర్వాత ఉదయగిరి నుంచి ఒక దళసరి కవరు వచ్చింది. లోపల పెద్ద ఫొటో. చిన్న గది, మధ్యలో పెళ్ళికూతురు, చుట్టూ గోడల దాకా ఆడవాళ్ళు. ఒకామె చంటిబిడ్డను ఎత్తి చూపిస్తోంది, ఒకామె నోట్లో మిఠాయి ఉంది, ఒక ముసలమ్మ పెళ్ళికూతురి ముసుగు సర్దుతోంది. అందరి ముఖాలూ నలుపు తెలుపు. పెళ్ళికూతురి దుపట్టా ఒక్కటే ఎర్రగా, పెదవుల మీద అదే ఎరుపు ఒక చుక్క. తలలు లెక్కపెట్టాను. పంతొమ్మిది.

వెనక్కి తిప్పాను. పెన్సిలుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో రెండే మాటలు రాసి ఉన్నాయి.

"అందరూ పట్టినారు."